మడతలు పోయిన ఎలుగుబంటి

ఆఖరి అద్దం తుడిచి జెనోనస్ తడిగుడ్డ పిండాడు. కౌనస్ డిపోలో ముప్పయ్యేళ్లుగా ట్రాలీబస్సులు కడిగి అతని వేళ్ల చివర్లు పాలిపోయి ముడతలు పడ్డాయి. ఆదివారం పని మధ్యాహ్నానికే అయిపోవడం అతనికి చిన్న వరం. నల్ల రొట్టె నములుతూ, పాత నోట్లు సేకరించేవాళ్లు కలుసుకునే గదికి బయల్దేరాడు.

కోటు లోపలి జేబులో అతని ఎలుగుబంటి ఉంది. దేశం స్వతంత్రమయ్యాక, సొంత డబ్బు లితాస్ వచ్చేదాకా నడిచిన తాత్కాలిక నోట్ల మీద జంతువుల బొమ్మలుండేవి. ఐదువందల నోటు మీద ఎలుగుబంటి. జీతంలో వచ్చిన ఒకదాన్ని నాలుగు మడతలు పెట్టి దాచుకున్నాడు. ఒక పుట్టినరోజుకి భార్య బ్రోనె, అతన్ని సంతోషపెడదామని, దాన్ని తడిపి ఇస్త్రీ చేసింది. మడతలతో పాటు కాగితం బిరుసూ పోయింది. సేకరించేవాళ్ల దృష్టిలో అది చచ్చిన నోటు. “ఎంత బాగుందో,” అన్నాడు జెనోనస్. ఆమె పోయేదాకా ఆ మాట మార్చలేదు.

ఆ గదికి వచ్చే వైదోతస్ దగ్గరున్న ఎలుగుబంటి నోటు మడత ఎరగనిది. ప్రతి ఆదివారం దాన్ని పట్టకారుతో వెలుగుకెత్తి, “ఏరా జెనోనస్, మీ ఆవిడ ఎలుగుబంటిని కూడా ఇస్త్రీ చెయ్యకుండా వదల్లేదుట్రా,” అనేవాడు. అందరూ నవ్వేవారు. ఆ కాగితం పెళపెళ వింటే జెనోనస్ మొహం తిప్పుకునేవాడు. దానికి పురుగు పట్టాలని ఒకసారి కోరుకుని, తర్వాత సిగ్గుపడ్డాడు.

ఇవాళ వైదోతస్ కుర్చీలో అతని చెల్లెలు గెనుతె కూర్చుని ఉంది, నల్ల శాలువాతో.

“అన్నయ్య గురువారం పోయాడండి. రేపు పూడుస్తాం. ఇది మీకిమ్మన్నాడు.”

బల్ల మీద వైదోతస్ ఎలుగుబంటి. జెనోనస్ దానివైపు చెయ్యి చాచాడు.

“ఊరికే కాదు. నోట్లు సేకరించే మీ పద్ధతి నోటుకి నోటు మార్పిడే కదా. మీదిస్తే అన్నయ్య జేబులో పెట్టి పంపుతాను.”

“నాది చచ్చిన నోటమ్మా. ఏం చేసుకుంటాడు?”

“నేనూ అదే అడిగాను. ‘నాదాన్ని నా పట్టకారు తప్ప ఎవరు ముట్టుకున్నారే? వాడిదానికి పెళ్లాం ఇస్త్రీ చేసిపెట్టింది,’ అన్నాడు. ఇన్నేళ్లూ మిమ్మల్ని చూసి కుళ్లుకున్నాడండి.”

జెనోనస్ తన నోటు బయటికి తీశాడు. గుడ్డపేలికలా మెత్తగా ఉంది. ఎలుగుబంటి మూతి పక్కన, ఇస్త్రీపెట్టె ఒక్క క్షణం ఎక్కువసేపు ఆగిన గోధుమరంగు మరక. దాని మీద బొటనవేలు ఆనించాడు. తర్వాత జేబులో పెట్టుకున్నాడు.

“నా వల్ల కాదమ్మా. రేపు అతన్ని మోయడానికి వస్తాను.”

అతను వెళ్లాక, బల్ల మీద, పట్టకారు పక్కన, ఒక్క మడతైనా లేని ఎలుగుబంటి కిటికీ వెలుగులో మిగిలింది.