బాల్కనీలో ఒక్క చోటు

ఏడు కాకముందే తలుపు తట్టిన మనిషి పసుపు చొక్కాలో ఉన్నాడు. పాంప్లోనా ఊరంతా తెల్లబట్టలు వేసుకుని, మెడకు ఎర్రగుడ్డ కట్టుకుని తిరిగే పండగ వారంలో పసుపు చొక్కాతో వచ్చాడంటే ఏమీ తెలియని పరాయివాడే అయ్యుండాలి. బట్టతల, నలభైకి దగ్గర పడ్డ వయసు. పోర్చుగల్ నుంచి రాత్రంతా బస్సులో కూర్చుని వచ్చాడట.

"ఒక్క చోటు ఇప్పించమ్మా. మూలనైనా సరే, నిలబడి చూస్తాను" అన్నాడు వచ్చీరాని స్పానిష్‌లో.

"లేదయ్యా. చలికాలంలోనే అన్నీ అమ్ముడైపోయాయి." కార్మెలె పిండి అంటిన చేత్తోనే తలుపు సగం మూసింది.

"కంచెల దగ్గర కూడా జనం నిండిపోయారు. నన్నెక్కడ నిలబడమంటావు?"

"ఎక్కడైనా నిలబడు, వీధిలో మాత్రం వద్దు. ఎద్దులైతే టికెట్ అడగవులే."

వెనక నుంచి తోన్యో పకపకా నవ్వాడు. కార్మెలె ఇంటి బాల్కనీలో చోట్లు ఏటా అమ్మిపెట్టేది అతనే. "భలే చెప్పావక్కా!" అన్నాడు. ఆ మనిషి కూడా మర్యాదకి నవ్వి మెట్లు దిగిపోయాడు.

కార్మెలె ఇల్లు ఎస్తఫేత వీధిలో మొదటి అంతస్తు. పండగ వారంలో రోజూ పొద్దున్న ఎనిమిదింటికి ఎద్దులు ఈ వీధి వెంటే పరుగెత్తుతాయి, వాటి ముందు మగవాళ్లు పరుగెత్తుతారు. ఆమె భర్త మార్టిన్ ఇరవై ఏళ్లు పరుగెత్తి చివరికి సొంత గుమ్మం ముందే తొడలోకి కొమ్ము దిగి పడ్డాడు. ఆ తరవాత నాలుగేళ్లు బతికాడు గానీ కుర్చీలో తిన్నగా కూర్చున్నది లేదు. అతను పోయేముందు కొడుకు ఉనాయ్ చేత ఆమె ఒట్టు వేయించుకుంది, ఎద్దుల వేళకి వీధిలో కాలు పెట్టనని. అప్పటి నుంచి ఆమె బాల్కనీ అద్దెకిస్తుంది, తను మాత్రం అటు వెళ్లదు. ఆ వేళకి వంటింట్లో కుళాయి పూర్తిగా తిప్పి, ఆ చప్పుడులో వచ్చినవాళ్లకి జంతికల్లాంటి చుర్రోలు వేయిస్తూ కూర్చుంటుంది.

ఇవాళ చుర్రోల పళ్లెం తెచ్చి బల్ల మీద పెట్టినప్పుడు ఆమెకి పేపరు కనిపించింది. వచ్చినవాళ్లు చదువుకుంటారని తనే కొని పెట్టింది. ఇప్పుడు ప్రకటనల కాగితాలే మిగిలాయి, లోపలి పేజీలు లేవు.

పరుగెత్తేవాళ్లే పేపరు గట్టిగా చుట్టి చేత్తో పట్టుకుంటారు, వెనకొచ్చే ఎద్దు ఎంత దగ్గరగా ఉందో తెలియడానికి.

ఆమె ఉనాయ్ గదిలోకి పరుగెత్తింది. పక్క శుభ్రంగా సర్ది ఉంది. ఇరవై మూడేళ్లలో వాడు పక్క సర్దుకున్న రోజు లేదు. మార్టిన్ మాత్రం పరుగు ఉన్న రోజున సర్ది వెళ్లేవాడు.

కిందికి పోదామంటే పోలీసులు వీధి తలుపులన్నీ అప్పటికే మూయించారు. ఇక వాణ్ని కేకేసి ఆపాలంటే బాల్కనీ ఒక్కటే దారి. అక్కడ కటకటాల దాకా భుజం భుజం ఒరుసుకుంటూ జనం నిలబడి ఉన్నారు.

"తోన్యో, నన్ను ముందుకు పోనీరా."

"ఏంటక్కా ఇవాళ? ఏనాడూ ఇటు తొంగిచూడవు."

"ఉనాయ్ కింద ఉన్నాడు."

తోన్యో మొహంలో నవ్వు పోయింది. ముందు వరసలో ఉన్న పొడుగాటి డెన్మార్క్ మనిషి భుజం తట్టి ఏదో చెప్పాడు. ఆ మనిషి వెనక్కి కూడా తిరగకుండా టికెట్ కాగితం తల పైకెత్తి చూపించాడు.

"ముందు వరస తనదంటున్నాడు. ఆవిణ్ని రేపు చూసుకోమంటున్నాడు."

"ఇది నా ఇల్లని చెప్పు!"

"చెప్పానక్కా. అయితే టికెట్ చూపించమంటున్నాడు."

ఆమె ఇద్దరి మధ్యన తలదూర్చి తోసింది. ఆ పొడుగాటివాడు మోచెయ్యి వెనక్కి విసిరాడు. అది నేరుగా ఆమె నోటికి తగిలి పెదవి చిట్లింది. ఎవరో ఆడమనిషి అరిచింది గానీ ఎవరూ జరగలేదు.

కార్మెలె రక్తం ఉమ్మి వంటింట్లోకి నడిచింది. కుళాయి అలాగే పారుతోంది. పొయ్యి మీద నూనె సలసల కాగుతోంది. రెండు గుడ్డలు పట్టుకుని మూకుడు ఎత్తింది.

"ఇదిగో నా టికెట్! జరగండి, ఒళ్లు కాలిపోద్ది!"

ఆ మాట ఏ భాషవాడికైనా అర్థమైంది. జనం రెండుగా చీలారు. పొడుగాటివాడి చేతి మీద చుక్క పడగానే కీచుమని గోడకి అతుక్కుపోయాడు. ఆమె కటకటాల దగ్గరికి చేరింది. మూకుడు కింద పెడదామంటే పాదం మోపేంత జాగా లేదు.

ఉనాయ్ సరిగ్గా తమ గుమ్మం పక్కనే ఉన్నాడు. చుట్టిన పేపరు చేతిలో పట్టుకుని, తండ్రిలాగే మునికాళ్ల మీద ఎగురుతున్నాడు.

"ఉనాయ్! ఒరేయ్, ఉనాయ్!"

వీధి హోరులో ఆ కేక మునిగిపోయింది. అంతలోనే ఎద్దుల్ని వదిలారని తెలిపే రాకెట్ పేలింది.

ముందు మనుషులు వచ్చారు, ఒకరినొకరు తొక్కుకుంటూ, వెనక్కి చూసుకుంటూ. ఆ వెనకే నల్లటి వీపుల గుంపు. ఒకణ్ని ఎద్దు భుజంతో గోడకేసి నలిపింది, ఇంకొకడి పళ్లు రాళ్ల మీద రాలాయి. గుంపు దాటిపోయింది. కానీ మలుపు దగ్గర ఒక ఎద్దు జారి, కంచె చెక్కలకి గుద్దుకుని వెనకబడిపోయింది. ఒంటరైన ఎద్దు గుంపులో ఎద్దులా పరుగెత్తదు, కదిలినదాన్నల్లా పొడుస్తుంది. అది తల అటూ ఇటూ తిప్పుతూ వస్తుంటే ఉనాయ్ పరుగందుకున్నాడు. పడి ఉన్న మనిషి కాలు తట్టుకుని బోర్లా పడ్డాడు.

పడ్డవాడు లేవకూడదు. ఈ ఊళ్లో పిల్లలకి నడకతో పాటే నేర్పే సంగతి అది. ఉనాయ్ లేవలేదు. రెండు చేతులతో తల కప్పుకుని రాయిలా పడుకున్నాడు. ఎద్దు వాడి వీపు వాసన చూసింది.

"ఎవరూ కదలొద్దు! ఎవరూ అరవొద్దు!" కర్రలు పట్టుకున్న కాపరులు దూరం నుంచి పరుగెత్తుకొస్తూ కేకలేశారు.

వీధి వీధంతా బిగుసుకుపోయింది. కార్మెలెకి తెలుసు. ఊపిరి బిగబట్టి ఉంటే అది విసుగెత్తి పోతుందని మార్టిన్ వందసార్లు చెప్పాడు. ఎద్దు కొమ్ము చొక్కా కింద దూరింది. ఉనాయ్ ఒళ్లు గాల్లోకి లేచి దబ్బున పడింది. వాడు మూలగలేదు, కదలలేదు. కొమ్ము మళ్లీ దిగింది. తెల్లచొక్కా మీద పక్కటెముకల దగ్గర ఎర్రగా చీలడం ఆమె కళ్లారా చూసింది.

ఆమె చేతులు ఆగలేదు. మూకుడు గాల్లో ఎగిరి ఎదురు దుకాణం ఇనుప తలుపుకి ఢంగుమని తగిలింది. ఎద్దు తల ఎత్తింది.

ఆ తలుపుకి అతుక్కుని పసుపు చొక్కా మనిషి నిలబడి ఉన్నాడు. ఎవరో చెప్పినట్టు బుద్ధిగా, అరచేతులు రెండూ ఇనుముకి ఆనించి, కదలకుండా. మరుగుతున్న నూనె మెడ మీద పడగానే గావుకేక పెట్టి ఎగిరి గంతేశాడు.

ఎద్దు అటు తిరిగింది.

అతని తొడలో కొమ్ము దించి, దాంతోనే ఎత్తి తలుపుకేసి కొట్టింది. రాళ్ల మీద తడిబట్ట ఉతికినట్టు చప్పుడైంది. కింద పడేసి మళ్లీ ఎత్తింది. అతను రెండు చేతులతో కొమ్మునే పట్టుకుని వేలాడాడు, బట్టతల రాళ్లకి తగిలే వరకు వదల్లేదు. కాపరులు ముట్టె మీద కర్రలతో బాదారు, ఒకడు తోక పట్టి లాగాడు. ఎద్దు వదిలి వెళ్లేసరికి పసుపు చొక్కాలో పసుపు కనిపించలేదు.

కాసేపటికి పోలీసాయన మూకుడు పట్టుకుని పైకొచ్చాడు. "ఇది ఎవరు విసిరారు? ఎద్దుని రెచ్చగొట్టడమంటే ఆటలనుకుంటున్నారా?"

"ఈ పొడుగాయనే సార్. తాగున్నాడు." తోన్యో వేలు చూపించాడు. ఆ మనిషి ఏమీ అర్థంకాక వేలి వంక చూశాడు. తోన్యో ఆమె చెవిలో గొణిగాడు, "అక్కా, నువ్వు వంటింట్లోనే ఉన్నావు. బాల్కనీ గడప తొక్కవని ఊరందరికీ తెలుసు. నోరు మెదపకు."

అప్పుడే ఉనాయ్ డొక్క పట్టుకుని లోపలికొచ్చాడు. మాంసం చీలిందే గానీ లోతుగా దిగలేదు. పోలీసు చేతిలో మూకుడు చూశాడు. విరిగిన పిడికి తీగ చుట్టింది వాళ్ల నాన్న. తల్లి చిట్లిన పెదవి వంక చూశాడు.

"అమ్మా, నేను కదల్లేదుగా" అన్నాడు మెల్లగా. "అది వెళ్లిపోయేది."

కార్మెలె పోలీసు వైపు తిరిగింది. "నేనే విసిరాను. ఆయన కాదు."

తోన్యో తల పట్టుకున్నాడు.

"ఆ మనిషి బతుకుతాడా?" అని అడిగింది.

"కాలు పోతుందంటున్నారు. మిగతాది చెప్పలేం. జేబులో కాగితం ముక్క కూడా లేదు, ఎవరో ఏమిటో తెలీదు."

"పోర్చుగల్ మనిషి. బస్సులో వచ్చాడు."

"నీకెలా తెలుసు?"

"పొద్దున్న నా తలుపే తట్టాడు. ఒక్క చోటు అడిగాడు."

పోలీసాయన మూకుడు బల్ల మీద పెట్టి జేబులో కలం వెతుక్కున్నాడు. వంటింట్లో కుళాయి ఇంకా పారుతోంది. ఉనాయ్ గోడ పట్టుకుని నడిచి వెళ్లి దాన్ని కట్టేశాడు.