టాపు మీద చెయ్యి

రేసు కారులో కూర్చున్న మనిషికి ముందున్నది తప్ప ఇంకేమీ కనపడదు. బెల్టులు భుజాలను బిగించి పట్టుకుంటాయి, హెల్మెట్ మెడ తిప్పనివ్వదు. అందుకని ప్రతి కారుకీ ఒక మనిషి జనం కూర్చునే స్టాండు పైకప్పు మీద నిలబడి రేడియోలో చెబుతూ ఉండాలి. లోపల ఒకడున్నాడు, ఇంకా లోపలే ఉన్నాడు, ఖాళీ. ఇంతే మాటలు. లోపల అంటే కారుకి ఎడమ పక్కన, ట్రాకు లోపలి వైపు. హాలో క్రీక్ ట్రాకులో మా ఆయన కోల్బీకి ఆ మాటలు చెప్పేది నేను.

మొదట్లో వాళ్ళన్న చెప్పేవాడు. కారు దగ్గరికి ఎవడొచ్చినా అరిచేవాడు, కోల్బీ తిరిగి అరిచేవాడు. ఒకసారి అన్న రాకపోతే నన్ను ఎక్కించారు, తరవాత దించలేదు. నాకు ఎప్పుడూ ఏదో జరగబోతోందనే భయం. పాప నిద్రపోతుంటే ఊపిరి ఆడుతోందో లేదో అని ముక్కు దగ్గర వేలు పెట్టి చూసుకునే రకం. ఆ గుణం ఇంట్లో ఎవరికీ నచ్చదు గానీ పైకప్పు మీద పనికొచ్చింది. ఇద్దరు తగులుకోబోతున్నారంటే వాళ్ళకంటే ముందు నాకు తెలిసిపోతుంది.

ఆ ఏడాది ఏప్రిల్లో కోల్బీ మూడో మలుపులో గోడకు కొట్టాడు. ఎముకలేమీ విరగలేదు. కానీ తరవాత కొన్ని రాత్రులు కుర్చీలో కూర్చునే నిద్రపోయాడు, పాప పేరు రెండుసార్లు మర్చిపోయాడు. మా కారులో సీటు పాతది, వాళ్ళ నాన్న నాటిది. తల పక్కన ఆపడానికి ఏమీ ఉండదు. సొంత కారు పెట్టి వేరేవాళ్ళ చేత నడిపించే మిస్ ఓడెట్ ప్రూయిట్ గారి కారులో సీటు నేను చూశాను. తలకి రెండు పక్కలా చెవుల్లాగా రెక్కలుంటాయి, పక్కటెముకల దగ్గరా ఉంటాయి. గుద్దుకుంటే తల ఎటూ ఊగదు. ఆ కారు నడిపేవాడు రిటైరైపోతున్నాడని, వచ్చే ఏడాదికి ఆవిడ కోల్బీనో, మా ట్రాకులోనే నడిపే డ్రేటన్ హాస్క్యూనో పెట్టుకుంటుందని, సెప్టెంబరులో జరిగే ఆఖరి రేసు చూసి తేల్చుకుంటుందని అందరికీ తెలుసు. మా అత్త వెర్నా అయితే కోల్బీ చేత ఫర్నిచరు ఫ్యాక్టరీ ఉద్యోగం మాన్పించేసినట్టే మాట్లాడేది. నాకు ఆ ఉద్యోగమూ పేరూ కాదు, ఆ సీటు కావాలి.

రేసు రోజు పాపను అత్త ఒళ్ళో పెట్టి, చెవులకి శబ్దం వినపడని కప్పులు తొడిగి, అవి సరిగా ఉన్నాయో లేదో మళ్ళీ చూశాను.

"దాని చెవులు ఊడిపోవులే, వెళ్ళు," అంది అత్త. ఆవిడ చేతిలో ఉడకబెట్టిన వేరుశెనగకాయల పొట్లం ఉంది.

"దానికి కాయలు పెట్టకు అత్తా, గొంతుకి అడ్డం పడతాయి."

"నీ మొగుణ్ణి నేనే పెంచాను. వాడి గొంతుకి ఏం అడ్డం పడలేదు, నువ్వు తప్ప."

పైకప్పు మీద మేమంతా మోచేతులు తగిలేంత దగ్గరగా నిలబడతాం. నా పక్కన లైల్ బాబాయ్. డ్రేటన్‌కి మేనమామ, డ్రేటన్‌కి రేడియోలో చెప్పేది ఆయనే. మంచివాడే, కాకపోతే నోరు ఊరుకోదు.

"మీ ఆయనకి బ్రేకులు వేయించారా అమ్మాయ్, ఈసారైనా?"

"మీవాడు ముందుంటే బ్రేకులతో పనేముంది బాబాయ్, ఎలాగూ అడ్డంగానే ఉంటాడు."

ఆయన నవ్వి, చొక్కా జేబులోంచి బన్నులాంటి మెత్తటి బిస్కెట్ తీసి సగం విరిచి ఇచ్చాడు. మధ్యలో వేయించిన బొలోనా మాంసం ముక్క ఉంది. భయంగా ఉన్నప్పుడు నాకు తిండి సయించదు. మొహమాటానికి తిన్నాను.

రేసు సగం దాటేదాకా చెప్పుకోదగ్గదేమీ జరగలేదు. మా ట్రాకు చిన్నది. ఒక చుట్టు పూర్తయ్యేసరికి ముందున్నవాడు వెనకబడినవాళ్ళ తోక పట్టుకుంటాడు. పక్కన ఎవరో ఒకరు ఎప్పుడూ ఉంటారు. అందుకే నా నోరు ఆగలేదు. లోపల. ఇంకా లోపలే. తలుపు దగ్గర. ఖాళీ. నేను ఖాళీ అన్న మాట పూర్తవకముందే కోల్బీ కారు లోపలి వైపుకి జారేది.

టైర్లు మార్చుకున్నాక డ్రేటన్ మొదట, కోల్బీ రెండు, వాళ్ళ వెనక ఒక నీలం కారు. ఇంకా పదిహేను చుట్లు. కోల్బీ టైర్లు బాగున్నాయి, మలుపు తిరిగిన ప్రతిసారీ డ్రేటన్‌కి దగ్గరవుతున్నాడు.

"ఓపిక పట్టు," అన్నాను. "బయట వైపు చోటు ఇస్తాడు, ఇచ్చేదాకా ఆగు."

"ఆగుతున్నా."

ఆగలేదు. నాలుగో మలుపులోంచి బయటికొస్తూ డ్రేటన్ కొంచెం ముందుగా యాక్సిలరేటర్ మీంచి కాలు తీశాడు. కోల్బీ తియ్యలేదు. కోల్బీ ముందు బంపరు డ్రేటన్ వెనక బంపరు కింద దూరింది. డ్రేటన్ కారు వెనక భాగం పైకి లేచి పక్కకి తిరిగింది. అప్పుడు నీలం కారు వచ్చి కోల్బీ వెనక తగిలింది. మా కారు సగం తిరిగి గడ్డి అంచున ఆగింది. డ్రేటన్ కారు గుండ్రంగా తిరిగి, గోడకు తగలకుండా స్టాండుకి ఎదురుగా నిలబడిపోయింది. అందరూ నెమ్మదించాలని పసుపు దీపాలు వెలిగాయి.

"బాగానే ఉన్నావా?"

"ఉన్నా. బండి కూడా బాగానే ఉంది."

 కింద పాప కోసం చూశాను. అత్త ఒళ్ళో కూర్చుని పొట్లం కాగితం నములుతోంది.

మా దగ్గర ఒక పద్ధతి ఉంది. ఇద్దరు తగులుకుని గిర్రున తిరిగిపోతే వాళ్ళని తెచ్చి జెండా వేసేవాడి కింద ఆపుతారు. తప్పు ఎవరిదో వాళ్ళే చెప్పాలి. తప్పు చేసినవాడు కిటికీ వల మీదుగా చెయ్యి బయట పెట్టి కారు టాపు మీద తడితే, వాడు వెనక్కి వెళతాడు, రెండోవాడికి తన చోటు తిరిగి వస్తుంది. ఎవరూ తట్టకపోతే ఇద్దరూ వెనక్కి. వీడియో చూడటం, వాదించుకోవడం ఉండదు. తట్టకుండా తప్పించుకున్నవాళ్ళు ఉన్నారు, వాళ్ళతో తరవాత ఎవరూ టైర్లు పంచుకోరు.

ఇప్పుడు లెక్క తేలికే. ఎవరూ తట్టకపోతే ఇద్దరూ వెనకనుంచి మొదలుపెడతారు. డ్రేటన్ వెనక బంపరు వేలాడుతోంది, మా టైర్లు బాగున్నాయి, కోల్బీ అతని కంటే ముందు వస్తాడు. మిస్ ఓడెట్ చూసేది వాళ్ళిద్దరినే. కోల్బీ తడితే డ్రేటన్ మొదటి చోటు నుంచి బయలుదేరతాడు, ఇక అయిపోయినట్టే.

లైల్ బాబాయ్ తన రేడియోలో డ్రేటన్‌తో అంటున్నాడు, "చెయ్యి లోపలే పెట్టుకో. నీ తప్పేం లేదు."

మా రేడియోలో కోల్బీ అడిగాడు. "రెన్నా, అది నాదా? నన్ను వెనకనుంచి ఎవడో గుద్దాడు. గుద్దితే నేను వెళ్ళి వాడికి తగిలానా, ముందే తగిలానా?"

అతనికి నిజంగా తెలీదు. రెండు దెబ్బలూ రెప్పపాటులో పడ్డాయి, లోపల కూర్చున్నవాడికి రెండూ ఒకటే. నీలం కారు నడిపినవాడికీ తెలిసుండదు. నాకు తెలుసు. నేను కాసేపు బటన్ నొక్కలేదు. ఆ రెక్కల సీటు కళ్ళముందుకొచ్చింది. కుర్చీలో కూర్చుని నిద్రపోతున్న కోల్బీ కూడా.

"రెన్నా, ఉన్నావా?"

"ఉన్నా. నీదే. నువ్వు ముందు తగిలావు. నీలం బండి తరవాతొచ్చింది."

"ఖాయంగానా?"

"ఖాయంగా."

 తరవాత కిటికీ వల మీదుగా అతని గ్లవ్ బయటికొచ్చింది. టాపు మీద రెండుసార్లు తట్టింది.

లైల్ బాబాయ్ నా వైపు తిరిగి చూశాడు.  బిస్కెట్‌లో మిగిలిన సగం జేబులో పెట్టుకుని తన రేడియో అందుకున్నాడు.

డ్రేటన్ గెలిచాడు. కోల్బీ వెనకనుంచి బయలుదేరి, దారిలో ఒక్కరికీ గీత కూడా పెట్టకుండా తొమ్మిదో చోటుకి వచ్చాడు.

నేను కిందికి దిగి ట్రైలరు దగ్గరికి వెళ్ళేసరికి అతను టైర్లు విప్పుతున్నాడు. అత్త నాకు ఎదురొచ్చి పాపను అందించింది.

"నోరు మూసుకుని ఉండలేకపోయావా? రేడియో పాడైందనుకునేవాడు కదా."

"అడిగాడు అత్తా, చెప్పాను."

"మొగుడు అడిగిందానికల్లా నిజమే చెప్పాలని నీకెవరు నేర్పారు? నేను వాళ్ళ నాన్నతో ముప్పై ఏళ్ళు కాపురం చేశాను, ఒక్కరోజు కూడా చెప్పలేదు."

"నేను ఖాళీ అంటే చూడకుండా స్టీరింగ్ తిప్పుతాడు. ఒక్కసారి అబద్ధమాడితే తరవాత ఆ మాటకి ఒక క్షణం ఆలోచిస్తాడు. ఆ క్షణంలో గోడ వస్తుంది."

 కోల్బీ పాన పక్కన పెట్టి చేతులు తుడుచుకున్నాడు. కోపంగా ఉన్నాడో లేదో నాకు అర్థం కాలేదు.

"తగలకుండా ఉండాల్సింది నేను," అన్నాడు. "ఆగమన్నావుగా."

అప్పుడు మిస్ ఓడెట్ వచ్చింది. డెబ్భై దాటిన మనిషి, పొట్టిగా ఉంటుంది, మెడలో స్కానర్ వేలాడుతూ ఉంటుంది. ఏ కారు రేడియో అయినా దాంట్లో వినొచ్చు. స్టాండుల్లో అత్తతో సహా సగంమంది అద్దెకు తీసుకుని భార్యాభర్తల తిట్లు వింటూ కూర్చుంటారు. ఆ మాటే నేను మర్చిపోయాను.

"అబ్బాయ్, బాగా నడిపావు," అంది కోల్బీతో. "కానీ బండి డ్రేటన్‌కి ఇస్తున్నా. వాడు కుర్రాడు, బండికి దెబ్బ తగలనివ్వడు. ఈ మాట నీకు నేనే చెబుదామని వచ్చా."

"థాంక్స్ అండీ," అన్నాడు కోల్బీ.

ఆవిడ వెళ్ళలేదు. నా వైపు తిరిగింది. "నాకు డ్రైవరు దొరికాడు, పైనుంచి చెప్పేవాళ్ళు లేరు. లైల్ మేనమామ, మేనల్లుడి తప్పు ఆయనకి కనపడదు. నువ్వు వస్తావా? వేరే ఊళ్ళల్లో, ఆదివారాలు. ఇక్కడి శనివారం రేసులకి అడ్డం రాదు."

"అంటే రెన్నా నాకు కాకుండా వాడికి చెప్పాలా?" అన్నాడు కోల్బీ. నవ్వబోయి ఆగాడు.

"నీకు ఇందాక నిజం చెప్పినట్టే వాడికీ చెప్పాలి. అందుకే అడుగుతున్నా."

పాప నా జుట్టు పట్టుకుని లాగుతోంది. నేను పాప వేళ్ళు విడిపించుకుంటూ అన్నాను, "మీ షెడ్డులో పాత రెక్కల సీటు ఉంటుంది కదండీ? రిటైరయ్యే ఆయనదీ కోల్బీదీ ఒకే కొలత."

మిస్ ఓడెట్ మెడలో స్కానర్ సర్దుకుంది. "జీతం అడుగుతావనుకున్నా."

"అదీ అడుగుతాను. ముందు సీటు."

"మీ ఆవిడ ఎప్పుడూ ఇలాగేనా?" అంది కోల్బీతో.

"మీరు ఇంకా ఆవిడ భయపడటం చూడలేదు," అన్నాడు అతను. ఈసారి నవ్వాడు.

సీటు మంగళవారం వచ్చింది. ట్రక్కు వెనక దుప్పటి చుట్టి తెచ్చారు. కారుని జాకీల మీద ఎత్తి, టైర్లు లేకుండా, గ్యారేజీలో బిగించుకున్నాం. బోల్టులు నేను మళ్ళీ ఒకసారి తిప్పి చూశాను. కోల్బీ చిరాకు పడలేదు. లోపల కూర్చుని హెల్మెట్ పెట్టుకున్నాడు. రెక్కలు అటూ ఇటూ తలను పట్టుకున్నాయి.

"పక్కకి ఏమీ కనపడట్లేదు దీంట్లో."

"నీకెందుకు కనపడాలి?"

"నువ్వు ఆదివారం డ్రేటన్‌తో తిరిగొచ్చి అలిసిపోయి, శనివారం నాతో పైకెక్కనంటే?"

"నేను లేనా?" అంది అత్త. పని నేర్చుకుంటానని రేడియో చేత్తో పట్టుకుని తలుపు దగ్గర కుర్చీ వేసుకుని కూర్చుంది. వేరుశెనగ తొక్కలు ఒళ్ళో ఉన్నాయి.

"నువ్వు తిడతావమ్మా."

"తిడితేనే తెలుస్తుంది నీకు. పెట్టు, చెవిలో పెట్టుకో."

పాప పాకుతూ కారు ఎడమ పక్కకి వచ్చింది.  నేను ఎత్తుకోవడానికి వంగబోతుంటే అత్త చెయ్యి అడ్డం పెట్టి నన్ను ఆపి, రేడియో నోటి దగ్గర పెట్టుకుంది.

"లోపల ఒకతి ఉందిరా," అంది. "ఇంకా లోపలే. తలుపు దగ్గర. కదిలావంటే చంపుతా. ఇంకా లోపలే, పాన నాకుతోంది, ఏమే దాన్ని వదులు."

కోల్బీ రెండు చేతులూ స్టీరింగ్ మీద పెట్టుకుని కదలకుండా కూర్చున్నాడు. పాప పాన వదిలేసి, ముందు చక్రం ఉండాల్సిన చోటు దాటి, నా కాళ్ళ దగ్గరికి వచ్చింది. నేను ఎత్తుకున్నాను.

అత్త నా వైపు చూసింది. నేను తల ఊపాను.

"ఖాళీ," అంది రేడియోలో.