గుడ్డకి వెనక వైపు

మా అక్క గుడ్డ మీద కుట్టిన బొమ్మని ఊళ్లోని పెద్ద బట్టల దుకాణం వాళ్లు తమదని చెప్పుకున్న రోజున మేమిద్దరం బడి పిల్లల ప్యాంట్లకి జిప్పులు మారుస్తున్నాం. అక్క అంటే నా తోటికోడలు. మా కొట్టు ఎనిమిదడుగుల వెడల్పు, పదడుగుల పొడవు. రెండు మిషన్లు, ఒక ఇస్త్రీ బల్ల, కొలతలివ్వడానికి వచ్చినవాళ్లు తమని తాము చూసుకుని నిట్టూర్చడానికి ఒక నిలువుటద్దం. మేం కొత్త బట్టలు కుట్టం. పొడుగువి పొట్టి చేస్తాం, బిగుతువి వదులు చేస్తాం, చిరిగినవాటికి పరువు నిలబెడతాం.

ప్యాంటు కాళ్లు కత్తిరిస్తే మూడు వేళ్ల వెడల్పు గుడ్డ మిగులుతుంది. దాన్ని ఎవరూ వెనక్కి అడగరు. అక్క పారెయ్యదు. డబ్బాల్లో, సంచుల్లో, ఆఖరికి తలగడ గలీబులో కూడా కుక్కి దాస్తుంది. అది చూసి చూసి మా అత్తయ్య ఆవిడకి "ముక్కలమ్మ" అని పేరు పెట్టింది. పేరు వారం తిరక్కుండా వీధంతా పాకింది.

ఆ ముక్కలతోనే అక్క రెండేళ్లపాటు "ఏడు గంటల బస్సు" కుట్టింది. తలుపంత గుడ్డ మీద, పొద్దున్నే బస్సు కోసం వరసలో నిలబడ్డ నలభై ముగ్గురు మనుషులు. అందరూ మనకి వీపు పెట్టి నిలబడ్డవాళ్లే, ఒక్క మొహం కనబడదు. అయినా మా వీధివాళ్లకి చూపిస్తే ఠక్కున పోల్చేస్తారు. ఆ ఒరిగిన భుజం పోస్టాఫీసు గుమాస్తాది, ఆ మడమలెత్తి నిలబడ్డ మనిషి నర్సమ్మ. ఎందుకంటే గుమాస్తా బొమ్మ ఒంటిమీదున్నది గుమాస్తా ప్యాంటు ముక్కే.

అది కొట్టు గోడకి వేలాడుతూ ఉండేది. అక్క దాని ఫోటో తీసి, లోకమంతా కాపురమున్న ఆ పెద్ద సైటులో పెట్టింది. పదకొండువేల మంది మెచ్చుకున్నారు. మెచ్చుకున్నవాళ్లలో పెద్ద దుకాణం వాళ్లు కూడా ఉన్నారని మాకు తర్వాత తెలిసింది.

"అక్కా, ఇలా చూడు," అని నేను ఫోను చేతికిచ్చాను. నగర కళాభవనంలో చేతిపనుల ప్రదర్శన, ఎంపికైన పది పనులు అని వార్త. ఆరోది "నగర ప్రభాతం". తలుపంత గుడ్డ, వరసలో నలభై ముగ్గురు, అందరూ వీపు పెట్టి. కింద పెద్ద దుకాణం పేరు.

అక్క కళ్లజోడు తీసి, తుడిచి, మళ్లీ పెట్టుకుంది.

"గుమాస్తా భుజం ఒరుగు కూడా వదల్లేదే వీళ్లు!" అంది. ఏడుస్తుందనుకున్నాను. ఏడవలేదు. జిప్పు పూర్తి చేసి, దారం కొరికి, అప్పుడంది. "అది నాది. దాని కింద నా పేరుండాలి. ఇంకేం వద్దు."

పెద్ద సైటుకి ఫిర్యాదు రాశాం. దుకాణం వాళ్లు మాకంటే వేగంగా రాశారు కాబోలు, మర్నాటికి అక్క ఖాతాయే మాయమైంది. "మీరు ఇతరుల పనిని అనుకరించినందున మీ ఖాతా తొలగించడమైనది" అని రెండు ముక్కల జవాబు.

"ఇది రాసింది మనిషేనా?" అంది అక్క.

"కాదక్కా, మిషను."

"మన మిషనే నయం. నూనె వేస్తే మాటన్నా వింటుంది."

నవ్వాం గానీ నవ్వే సంగతి కాదది. ఆ ఖాతాతో పాటు పాత ఫోటోలూ పోయాయి, వాటి తేదీలూ పోయాయి, ఫోనులో అక్క ఏవీ ఉంచుకోలేదు. కళాభవనానికి ఫోన్ చేస్తే, "శుక్రవారం లోపల రుజువు చూపించండి" అన్నారు. రుజువంతా ఎవడి పెట్టెలోనో ఉంది, తాళం వాడి దగ్గరే ఉంది.

సోమవారం లైబ్రరీ మేడమ్ కోటు భుజాలు సరిచేయించుకోవడానికి వచ్చింది. పని చేసిన లైబ్రరీ నుంచి రిటైరై ఆరేళ్లయినా ఆవిడ ఎక్కడికెళ్లినా గొంతు తగ్గించే మాట్లాడుతుంది. సంగతంతా విని, గోడ మీది గుడ్డని చూసి, గుసగుసగా అంది.

"మా ఇంటికి రాకూడదూ?"

"భోజనానికా?" అంది అక్క.

"కాదమ్మా, ఇదీ ఆ సైటులాగా ఫోన్లో ఇల్లే. మా మెట్ల కింద చిన్న కంప్యూటరుంది, దాని మీద నడుపుతున్నాను. నూట నలభై మందిమి, అందరం సూదీ దారం వాళ్లమే. ఇలాంటి ఇళ్లు వేలున్నాయి. వలలల్లేవాళ్లకొకటి, కుండలు చేసేవాళ్లకొకటి, కళాభవనం వాళ్లకీ సొంతంగా ఒకటుంది. ఎవరింటి పద్ధతి వాళ్లది. కానీ తలుపులు తెరిచే ఉంటాయి, ఈ ఇంటి మాట ఆ ఇంటికి వినబడుతుంది."

"వీటన్నిటికీ యజమాని ఎవరు?"

"ఒకడంటూ లేడు."

"మరి తగువొస్తే?"

"మాట్లాడుకుంటాం. ఎంత మాట్లాడుకున్నా నచ్చకపోతే సామాను సర్దుకుని వేరే ఇంటికి పోవచ్చు. నిన్ను చూడవచ్చేవాళ్లు నీ వెంటే వస్తారు, ఆ ఇంట్లో ఉండిపోరు."

నాకు అప్పటికప్పుడే నచ్చేసింది. అక్క మాత్రం, "మీ ఇంటి పద్ధతేంటో ముందు చెప్పండి," అంది.

"ఒకటే. పని ముందు వైపు ఫోటో పెడితే వెనక వైపు కూడా పెట్టాలి."

అక్క మొహం వాడిపోయింది. ఎందుకో నాకు తెలుసు. కుట్టుపనిలో వెనక వైపు శుభ్రంగా ఉంటేనే పనితనం అంటారు. అక్క గుడ్డ వెనక చూస్తే పిచ్చుకలు కాపురం పెట్టినట్టుంటుంది. కొత్త దారం వాడదు కదా, మిగిలిన దారాలు జానెడు జానెడు కలిపి ముడేస్తుంది. అన్నిటికంటే పెద్ద సంగతి ఇంకొకటుంది. మా కొట్లో ఏ బట్టయినా కలిసిపోకుండా దానికి నంబరూ తేదీ రాసిన చిన్న గుడ్డముక్క కుడతాం. అదే నంబరున్న చీటీ బట్టలిచ్చినవాళ్ల చేతిలో పెడతాం. అక్క ఏ బొమ్మ ఎవరి గుడ్డో మరిచిపోకుండా, ఆ నంబరు ముక్కల్ని బొమ్మల వెనక అలాగే కుట్టి ఉంచింది. నలభై మూడూ ఉన్నాయి.

"చూపించనే," అంది నాతో, మేడమ్ వెళ్లాక. "ఆ చిందరవందర ఎలాగూ సిగ్గు. పైగా మా గుడ్డలు మమ్మల్నడక్కుండా వాడుకున్నావని జనం నిలదీస్తే? పేరు కోసం పోయి ఉన్న కొట్టు మూసుకుంటామా?"

రెండు రోజులు అలాగే గడిచాయి. బుధవారం పొద్దున్నే అత్తయ్య కొట్టుకొచ్చింది. నలభై ఏళ్లు కోట్లు కుట్టిన చేతులావిడవి. ఇప్పుడు సూదిలో దారం ఎక్కించలేదు గానీ, నోటికి మాత్రం పదును తగ్గలేదు. నేను పూసగుచ్చినట్టు చెప్పాను. ఆవిడ విని, స్టూలు లాగి, ఎక్కబోయింది.

"అత్తయ్యా, పడతారు!"

"పడితే మీరిద్దరున్నారుగా కుట్టడానికి. ఆ గుడ్డ దింపండి."

దింపాం. బల్ల మీద బోర్లా పరిచాం. అత్తయ్య కళ్లజోడు ముక్కు చివరికి జార్చి, వేళ్లతో తడుముతూ ఈ చివర నుంచి ఆ చివరకి నడిచింది. అక్క ఉరిశిక్ష వినబోతున్నదానిలా నిలబడింది.

"ఇంత అసహ్యమైన వెనక వైపు నా జన్మలో చూడలేదే పెద్దదానా," అంది అత్తయ్య.

"తెలుసత్తయ్యా."

"తెలిస్తే వినవే. ముందు వైపు ఎవడన్నా నకలు కొడతాడు, మిషనుకి ఫోటో చూపిస్తే చాలు. ఈ అడవిని కొట్టమను చూద్దాం! ఇన్ని ముడులు వెయ్యడానికి వాడికి ఓపికెక్కడిది, ఇన్ని ముక్కలెక్కడివి, ఇంతమంది ప్యాంట్లెక్కడివి? నువ్విలాగే సిగ్గుపడుతూ కూర్చో, వాడు నీ పేరు మింగి నీళ్లు తాగుతాడు."

"జనం కోప్పడితేనో?"

"కోప్పడితే పడనీ. గుడ్డ వాళ్లది, చెయ్యి నీది. అడిగితే ఆ మాటే చెప్పు."

అక్క ఆ ముడుల మీద అరచెయ్యి ఆనించింది. తర్వాత, "వెలుతురు చాలదు, వీధిలోకి తీసుకురండి," అంది.

ఎండలో, రెండు కుర్చీల మీద పరిచి, నేనే ఫోటోలు తీశాను. ముందుది ఒకటి, వెనకవి పన్నెండు. ముక్కలమ్మ అన్న పేరుతోనే మేడమ్ ఇంట్లో పెట్టాం. అక్క చెప్పింది, నేను రాశాను. "ఇది నేను కుట్టాను. వెనక అందంగా లేదు. నంబర్లున్నవి మా కొట్టుకొచ్చినవాళ్ల బట్టలు. వాళ్లనడగలేదు, తప్పే. ఇది నాదని తెలియడానికి చూపిస్తున్నాను."

మధ్యాహ్నానికి మేడమ్ ఇంట్లో ఉన్నవాళ్లంతా చూశారు. చూసినవాళ్లు పక్కింటికి చెప్పారు. ఆ చెప్పడానికి ఎవరూ వాళ్లకి డబ్బివ్వలేదు, చెప్పొద్దని ఆపగలిగినవాడూ లేడు. ఎక్కడో సముద్రం ఒడ్డున వలలల్లే ముసలాయన ఆ ముడుల్ని పెద్దవి చేసి చూసి, "అన్నీ ఒకే చేతివి. ఎడమచేతివాటం," అని రాశాడు. అక్కది ఎడమచెయ్యని మేం ఎక్కడా చెప్పలేదు! ఒక డాక్టరమ్మ, "నేను మనుషుల్ని కుడతాను, నా ముడులు ఇంత గట్టిగా ఉంటే బాగుండును," అంది. దాని కింద ఎవరో, "మీ ఆసుపత్రి ఎక్కడో ముందే చెప్పండమ్మా," అన్నారు.

దుకాణం వాళ్లు ఊరుకుంటారా? ఇంటింటికీ ఫిర్యాదులు పంపారు. ఒక పెద్ద ఇల్లు వాళ్ల మాట నమ్మి మాకు తలుపేసేసింది కూడా. కానీ అంతకు ముందు సైటులోలా లోకమంతా చీకటైపోలేదు. మిగతా ఇళ్లలో మాట నడుస్తూనే ఉంది. మేడమ్ దుకాణానికి ఒకే వాక్యం జవాబిచ్చింది. "మా ఇంటికి స్వాగతం, మీ వెనక వైపు ఫోటో పెట్టండి."

గురువారం కొట్టు తెరిచేసరికి గుమాస్తా గుమ్మంలో ఉన్నాడు. అక్క చెయ్యి నా చెయ్యి పట్టుకుంది. ఆయన పర్సులోంచి నలిగిన చీటీ తీశాడు.

"రెండొందల పన్నెండు. నేనే కదూ?"

"తప్పైపోయిందండీ, అడగకుండా..." అంటోంది అక్క.

"తప్పేంటమ్మా! మా ఆవిడ పొద్దుట్నుంచి అందరికీ చూపిస్తోంది, ఇది మా ఆయన వీపే అని. పెళ్లైన ఇరవై ఏళ్లలో నన్ను చూసి మురవడం ఇదే మొదలు."

ఆయన వెనకే నర్సమ్మ, ఆవిడ వెనక బస్సు డ్రైవరు. చీటీ దొరికినవాళ్లు చీటీతో, దొరకనివాళ్లు ఆ ప్యాంటే తొడుక్కుని వచ్చారు. సాయంత్రానికి పంతొమ్మిది మంది కొట్టు ముందు వరసలో నిలబడి, వీపులు తిప్పి ఫోటో తీయించుకున్నారు. ఆ ఫోటో ఏ ఇంటి నుంచి ఏ ఇంటికి పోయిందో లెక్క మాకు అందలేదు.

శుక్రవారం కళాభవనం అధికారిణి మా కొట్టుకే వచ్చింది. వాళ్ల ఇంట్లో గుడ్డ వెనక వైపు బుధవారమే చూసిందట. దుకాణాన్ని కూడా అడిగిందట, మీ గుడ్డ తిప్పి చూపించండని. తిప్పితే ఈ చివర నుంచి ఆ చివరకి తెల్లటి బక్రం అంటించి ఉంది. మిషను మీద కుట్టు వేసేటప్పుడు గుడ్డ ముడుచుకోకుండా వెనక వేసే గట్టి అస్తరు అది. ముడన్నది లేదు.

"వాళ్లది తీసేశాం," అంది అధికారిణి. "మీది ఇస్తారా?"

అక్క నోరు తెరిచేలోపే స్టూలు మీంచి అత్తయ్య అందుకుంది. "ఇస్తుంది. కానీ గోడకి ఆనించకండి. ఇంత రభస వెనక వైపు కోసమే కదా."

వాళ్లు భవనం నడిమధ్యన, కప్పు నుంచి రెండు తీగలతో వేలాడదీశారు. ముందు వైపు జనం నిలబడి చూశారు. వెనక వైపు జనం తోసుకున్నారు. నంబరు ముక్కల్ని వేలితో చూపిస్తూ ఎవరెవరో తెలియనివాళ్లు ఒకళ్లకొకళ్లు చెప్పుకుంటున్నారు. తలుపేసిన పెద్ద ఇంటివాళ్లు పొరపాటైందని రాసి, తలుపు తీశారు. పెద్ద సైటు నుంచి "మీ ఖాతా పునరుద్ధరించబడింది" అని వస్తే అక్క చదివి, ఫోను సంచిలో పడేసి, "ఉండనీలే, ఇప్పుడు తీరిక లేదు," అంది.

రెండో రోజు సూటు వేసుకున్న ఒకాయన వచ్చి గుడ్డ వెనక్కి వెళ్లాడు. పెద్ద దుకాణం మేనేజరు. వార్తల్లో చూసిన మొహం కాబట్టి నేను పోల్చాను. అటూ ఇటూ చూసి, ఫోను తీసి, ముడులు మాత్రం పడేలా దగ్గరగా పెట్టి ఫోటో తియ్యబోయాడు. నేను అరవబోయాను. అక్క నన్ను ఆపి, తనే వెళ్లి ఆయన పక్కన నిలబడింది. గుడ్డ కింద చిన్న చెక్క మీద తెల్లటి అక్షరాలున్నాయి, ముక్కలమ్మ, బట్టలు సరిచేసే కొట్టు అని.

"ఫోను కొంచెం కిందకి దించి తియ్యండి బాబూ," అంది అక్క. "పేరు కూడా పడాలి."

ఆయన దించి తీశాడు.