ఎడమ పక్క మూడు వేళ్ళు

ఇనప గనుల ఊరు బచేలి రైల్వే కాలనీలో గురమ్మ కుట్టిన జాకెట్టుకి పేరు పెట్టినవాళ్ళు లేరు. పెట్టినా ఆవిడ ఊరుకునే మనిషి కాదు. "నీ భుజాలే ఎగుడుదిగుడుగా ఉన్నాయి, నా కుట్టుకేటమ్మా?" అని మొహం మీదే అనేస్తుంది. అలాంటి గురమ్మకి కూతురి నడుం మాట వస్తే మాత్రం నోరు పెగిలేది కాదు.

శాంతిప్రియకి పుట్టుకతోనే నడుం కింది వెన్నుపూస ఒకటి సగమే ఏర్పడింది. పిల్ల ఎదుగుతున్న కొద్దీ ఆ సగం పూస వల్ల వెన్ను వంకర తిరిగి, తుంటి ఎడమ పక్క పైకి లేచింది. నడిస్తే ఒళ్ళంతా ఒరిగేది. పావడా కడితే ఎడమ అంచు మడమ దాటి పైకెక్కి కూర్చునేది. అందుకని గురమ్మ ఎడమ పక్క మూడు వేళ్ళ గుడ్డ ఎక్కువ వదిలి కత్తిరించేది. అంచు నేలకి సమంగా దిగేది. చూసేవాళ్ళ కళ్ళు కాస్తయినా తప్పించుకోవచ్చని ఆవిడ ఆశ. ఈ సంగతి తల్లీకూతుళ్ళకే తెలుసు. రోజూ పట్టాల వెంట నడుస్తూ బోల్టులు బిగించే రైల్వే కీమాను, ఆవిడ మొగుడు చినబాబు కంట ఇంట్లోనే జరిగే ఈ పని ఎప్పుడూ పడలేదు.

పదో తరగతికి వచ్చేసరికి పిల్లకి కూర్చుంటే నొప్పి, నుంచుంటే నొప్పి. వైజాగ్ తీసుకెళ్ళారు. ఆ సగం పూసని తీసేసి, పైనా కిందా స్క్రూలు వేసి రాడ్లతో బిగిస్తామని, తుంటి సమానానికి వస్తుందని డాక్టరు చెప్పాడు. ఎముక అతుక్కునేదాకా జాగ్రత్తగా ఉండాలని, మళ్ళీ ఒరిగితే ఇంకోసారి కొయ్యాల్సి వస్తుందని కూడా అన్నాడు. అన్ని మంచి మాటలు చెప్పినా గురమ్మ చెవిలో ఆ చివరి మాటే ఉండిపోయింది.

ఆపరేషన్ బాగా జరిగింది. ఇంటికొచ్చాక నెలల తరబడి నడుముకి బెల్టు, దాని మీద బజారులో కొన్న వదులు నైటీలు. పక్క క్వార్టరులో ఉండే లక్మే అనే ఆవిడ వచ్చినప్పుడల్లా పిల్లని చూసి "సీధీ హో గయీ!" అని, తిన్నగా అయిపోయిందని హిందీలో మురిసిపోయేది. గురమ్మ పైకి నవ్వి, ఆవిడ అటు వెళ్ళగానే దిష్టి తగలకూడదని లోపల ప్రార్థన చేసుకునేది. చివరికి ఎక్స్‌రే చూసి బెల్టు తీసేయమన్నారు. ఆ ఆదివారం చర్చిలో కృతజ్ఞత కూడిక పెట్టుకున్నారు. గురమ్మ నీలం శాటిన్ తెచ్చింది. కూనిరాగాలు తీస్తూ, ఎర్రదుమ్ము పడకుండా తలుపులు మూసుకుని, ఒక్క రోజులో పావడా కుట్టేసింది.

శనివారం సాయంత్రం శాంతిప్రియ దాన్ని కట్టుకుని వచ్చి గది మధ్యలో నిలబడింది. గురమ్మ రెండడుగులు వెనక్కి వేసి చూసింది. కుడి అంచు మడమ దగ్గర ఆగింది. ఎడమ అంచు నేల మీద ఈడ్చుకుంటోంది.

"ఓలమ్మో! ఎడం పక్కకి దిగిపోనాదే!"

"నాకేం నొప్పి లేదమ్మా. బాగానే ఉన్నాను కదా."

"నీకేటి తెలుసు? రాడ్డు జారిపోనాది."

డ్యూటీ నుంచి వచ్చిన చినబాబు గుమ్మంలోనే నిలబడిపోయాడు. పావడా అంచు చూశాడు, పిల్ల మొహం చూశాడు. "మేం బిగించిన బోల్టులే ఊడవు. డాక్టరు బిగించినవి ఊడతాయేటే?" అన్నాడు. అంటూనే జేబులో డబ్బులు లెక్కపెట్టుకున్నాడు. రేపటి బండికే వైజాగ్ వెళ్ళాలని ఇద్దరూ అనేసుకున్నారు. గురమ్మ సంచిలో దుప్పటి కుక్కుతోంది. మళ్ళీ పిల్లని బల్ల మీద పడుకోబెట్టాలా? మళ్ళీ ఆ తలుపు బయట కూర్చోవాలా? తన వల్ల కాదనుకుంది. కన్నతల్లినై ఉండి కాదంటే ఎలాగని వెంటనే తనని తనే తిట్టుకుంది.

శాంతిప్రియ ఎంత చెప్పినా వినేవాళ్ళు లేరు. విసుగొచ్చి లోపలికి వెళ్ళి దభీమని తలుపేసుకుంది. కాసేపటికి తలుపు తీసుకుని బయటికొచ్చింది. ఒంటి మీద నీలం పావడా లేదు. తండ్రి గళ్ళ లుంగీని నడుముకి చుట్టుకుని, వీథి నాటకంలో వేషగాడిలా నిలబడింది.

"ఇప్పుడు చూడు."

లుంగీ అంచు చుట్టూ ఒకే ఎత్తులో ఉంది. ఎడమ పక్క ఎంతో, కుడి పక్కా అంతే.

"ఇది నువ్వు కుట్టింది కాదమ్మా," అంది పిల్ల.

గురమ్మ లోపలి నుంచి నీలం పావడా తెచ్చి మంచం మీద పరిచి, మధ్యకి మడిచి చూసింది. ఎడమ పక్క మూడు వేళ్ళు ఎక్కువ! తన చెయ్యే, తనకి తెలియకుండానే, ఎప్పటిలాగే వదిలేసింది. అంచు నేలని తాకుతోందంటే పిల్ల తుంటి కిందికి దిగి సమంగా నిలిచినట్టేగా! ఆ సంగతి చెబితే చినబాబు ముందు నోరెళ్ళబెట్టాడు. తర్వాత కళ్ళు తుడుచుకుంటూ నవ్వాడు.

"డాక్టరు పిల్లకి చేసినాడు గానీ, నీ చేతికి చెయ్యలేదే!"

ఇంకెవరైనా అలా అని ఉంటే కొంపలంటుకునేవి. గురమ్మకి కోపం రాలేదు. ఇన్నేళ్ళలో తన కుట్టు తప్పినందుకు సంతోషించడం ఇదే మొదలు. పిల్లకి మళ్ళీ పావడా కట్టించి, కింద కూర్చుని, సుద్దముక్కతో గీసి, ఆ మూడు వేళ్ళ గుడ్డా కత్తిరించేసింది. సగంలో కళ్ళు మసకబారితే శాంతిప్రియ వంగి తల్లి భుజం పట్టుకుంది. ఒరగకుండా అలా వంగడం ఆ పిల్లకి కొత్త.

మర్నాడు చర్చిలో ప్రార్థనకి అందరూ లేచి నిలబడి కళ్ళు మూసుకున్నారు. గురమ్మ మూసుకోలేదు. ముందు వరసలో నీలం అంచునే చూస్తూ ఉండిపోయింది. అటూ ఇటూ ఒకటే ఎత్తు. అందరూ ఆమెన్ చెప్పి కూర్చున్నాక, ఒక్కతే నిలబడి ఉన్న గురమ్మ గట్టిగా ఆమెన్ అంది.