ఇద్దరు కూర్చునే మగ్గం

కొత్తవాడలో జంపఖానా నేసే పెద్ద మగ్గం మీద ఒక్కడే కూర్చుని చేసేదేమీ లేదు. గదికి ఈ గోడ నుంచి ఆ గోడ దాకా పడుగు సాగి ఉంటుంది, ఒక మనిషి చేతులు రెండు అంచులకూ అందవు. అందుకని పలక మీద ఇద్దరు పక్కపక్కన కూర్చుంటారు. ఎవరి సగంలో వాళ్లు రంగుల పేక దూర్చి, ఇనుప పళ్లున్న పంజాతో దాన్ని దగ్గరికి కొడతారు. ఆ కొట్టడంలోనే ఉంది అసలు సంగతి. ఒకడు గట్టిగా, ఇంకొకడు మెత్తగా కొట్టాడా, మెత్తగా కొట్టినవాడి సగం వదులై ముందుకు పోతుంది, గట్టిగా కొట్టినవాడి సగం వెనకబడుతుంది, జంపఖానా కాస్తా వంకరపోతుంది. అందుకే కొత్తవాడలో జోడీ కుదరడం పెళ్లి సంబంధం కుదరడం కన్నా కష్టమని నవ్వుకునేవాళ్లు. ఆలుమగల మధ్య తేడాలొస్తే ఇంట్లోనే ఉంటాయి, మగ్గం మీద తేడా వస్తే బజారుకెక్కుతుంది.

వెంకట్రాజానికి అలా కుదిరిన జోడీ ఫ్రాన్సిస్. ఫ్రాన్సిస్ తండ్రి మిల్లులో పనిచేసేవాడు. మిల్లు వచ్చి ఎన్నో చేతి మగ్గాలను మూలకు తోసింది. తర్వాత ఆ మిల్లే మూతపడింది. చెయ్యి పోయి మిషన్ వస్తుందని పిల్లలకు పాఠాల్లో చెబుతారు గానీ, ఫ్రాన్సిస్ ఇంట్లో మాత్రం చరిత్ర వెనక్కి నడిచింది. మిషన్ పోయి చెయ్యి మిగిలింది. మీసాలు సరిగా రాని వయసులో వచ్చి వెంకట్రాజం పక్కన కూర్చున్నాడు, ఇప్పుడు ఆ మీసాలు నెరిశాయి. ఒకడు పద్మశాలి, ఒకడు చర్చికి పోయేవాడు. ఇద్దరి పంజాలూ ఒకేసారి లేచి ఒకేసారి పడేవి. గుమ్మం బయట నిలబడి వింటే లోపల ఒక్కడే నేస్తున్నాడనుకునేవారు. సాయంత్రం కాళ్లు తిమ్మిరెక్కి లేవలేక, ఒకరి భుజం ఒకరు పట్టుకుని లేచేవాళ్లు.

అప్పట్లో జనం నేల మీద కూర్చునేవాళ్లు మరి. పెళ్లంటే జంపఖానా, పంచాయితీ అంటే జంపఖానా, చర్చిలో, బడిలో, రాత్రి భాగోతంలో, ఎర్రజెండా సభలో, చావింట్లో, ఎక్కడ పదిమంది చేరినా కింద కొత్తవాడ ఉండేది. జనం కూర్చున్నంత కాలం మగ్గాలు ఆడాయి. తర్వాత ప్లాస్టిక్ కుర్చీ వచ్చింది. ఒకదాంట్లో ఒకటి దూరి, ఆటోలో ఎక్కి, రఘునాథపల్లి దాకా, దాని అవతలి పల్లెల దాకా పోయింది. ఎవరూ జంపఖానాను కాదనలేదు, తగలబెట్టలేదు. ఊరికే లేచి కుర్చీలో కూర్చున్నారంతే. వెంకట్రాజం మాత్రం తక్కువ తిన్నాడా? బిడ్డ వినోద పెళ్లికి వియ్యాలవారు కింద కూర్చుంటే మర్యాద దక్కదని, టెంట్‌హౌస్ భానుచందర్ దగ్గర తానే కుర్చీలు కిరాయికి తెచ్చాడు. తెల్ల గుడ్డలు తొడిగించి, వెనక రిబ్బన్లు కూడా కట్టించాడు.

"కుర్చీని తిట్టకన్నా," అన్నాడోసారి ఫ్రాన్సిస్. "మా తాత చెప్పేటోడు. దొర గడీల జంపఖానా పరిస్తె దాని నడుమ ఎవలు కూసోవాలె, అంచుకు ఎవలు కూసోవాలె, కిందికి దిగి మట్టిల ఎవలు కూసోవాలె అని ఉంటుండెనట. మావోళ్లది మట్టే. కుర్చీకి అంచు లేదు సూడు."

వెంకట్రాజం తల వంచుకుని పేక దూర్చాడు. అన్యాయంగా ఓడిపోతే తిట్టుకోవడానికి ఒకడుంటాడు. ఈ ఓటమికి ఆ సుఖం కూడా లేదు.

చేనేత సంఘం షెడ్డులో మగ్గాలు ఒక్కొక్కటే ఊడిపోయి చివరికి వీళ్లది మిగిలింది. సరిగ్గా అప్పుడే ఫ్రాన్సిస్‌కు ఆయాసం మొదలైంది. దవాఖానలో ఊపిరితిత్తులు గట్టిపడ్డాయన్నారు, దూది దుమ్మన్నారు, పని మానుకోమన్నారు. మానుకుని ఏం చేస్తాడు? మొదట్లో మధ్యాహ్నం దాకా బాగానే ఉండేవాడు. తర్వాత పొద్దుటి నుంచే అతని పంజా బరువుగా లేచి తేలిగ్గా పడేది. అతని సగం ముందుకు పోవడం వెంకట్రాజం చూశాడు. ఒక మాటంటే సరిపోయేది. ఆ మాట అనలేక, తన దెబ్బ తగ్గించాడు. పంజాను ఎప్పటంత ఎత్తుకు లేపి, పోగును తాకబోయే ముందు మణికట్టు బిగబట్టేవాడు. చూసేవాడికి తేడా తెలియదు. రెండు సగాలూ మళ్లీ సమానంగా సాగాయి. ఫ్రాన్సిస్ నీరసించిన కొద్దీ వెంకట్రాజం దెబ్బ మెత్తబడుతూ వచ్చింది. జంపఖానా వంకర లేదు, కానీ వదులుగా ఉంది. కొనేవాళ్లు చూసుకునేది వంకర ఉందా లేదా అనేగా అని తనను తానే మభ్యపెట్టుకున్నాడు.

అలా కొన్నేళ్లు గడిచాక ఒక చలికాలంలో హైదరాబాద్ నుంచి సుభాషిణి అనే ఆమె వచ్చింది. పెద్ద పెద్ద ఇళ్లలో నేల మీద, గోడల మీద వేసుకోవడానికి చేనేత జంపఖానాలు కావాలట. కుర్చీల్లో కూర్చుని కూర్చుని విసుగెత్తినవాళ్లు మళ్లీ నేలను ముద్దు చేస్తున్నారన్నమాట. ముందు ఒకటి నేసి చూపించమంది, నచ్చితే ఏడాది పొడుగునా పని ఉంటుందంది. సంఘం వాళ్లు కూడా తేల్చి చెప్పారు. ఈ పని నిలబడితే మగ్గం ఉంటుంది, లేకపోతే షెడ్డు భానుచందర్‌కు కిరాయికి పోతుంది, కుర్చీలు పెట్టుకుంటానని అతను ఎప్పటి నుంచో అడుగుతున్నాడు.

"మన వాడ ఓంప్రకాశ్ భివండి మిల్లుల నుంచి వచ్చిండు. ఆ పిలగాని రెక్కలల్ల బలమున్నది. ఈ ఒక్కదానికి వాణ్ని కూసోబెట్టుకోరాదయ్యా," అంది భార్య మొగిలమ్మ.

"మరి ఫ్రాన్సిస్?"

"ఫ్రాన్సిస్ జర పానం మంచిగైనంక కూసుంటడు."

మంచిగయ్యే రోగం కాదని ఇద్దరికీ తెలుసు. వెంకట్రాజం కంచం పక్కకు జరిపి లేచిపోయాడు. మరునాడు ఫ్రాన్సిస్ పక్కనే కూర్చుని పడుగుకు దండం పెట్టాడు.

ఎర్ర నేల, నల్ల నెమళ్లు, పసుపు అంచు. చూస్తే కళ్లు తిప్పుకోలేరు, అంత బాగా వచ్చింది. సుభాషిణి చూడగానే మురిసిపోయింది కూడా. తర్వాత వంగి బొటనవేలితో నెమలి మెడ మీద నొక్కింది. పోగులు పక్కకు జరిగి వేలు లోపలికి దిగింది. ఆమె మొహం చిన్నబోయింది.

"రాజం గారూ, ఒక్క దారం కూడా వంకర లేదు. కానీ ఇది నేల మీద ఆరు నెలలు కూడా ఆగదు. మీ పాత జంపఖానా ఒకటి మా అమ్మమ్మ ఇంట్లో ఉంది, దాని మీద సూది దిగేది కాదు. ఇంకొకటి నేయండి. గట్టిగా నేయండి. నేను ఆగుతాను."

ఫ్రాన్సిస్ దగ్గు ఆపుకుంటూ నేల మీది నెమళ్లనే చూస్తున్నాడు. ఆమె వదిలేసిన జంపఖానాను చెరి సగం చేసుకుందామని వెంకట్రాజం నవ్వించబోయాడు. నడుమ కోస్తే పేక అంతా ఊడి వస్తుందని ఇద్దరికీ తెలుసు. చివరికి ఫ్రాన్సిస్ ఇంట్లోనే పరిచారు. ఇంతకాలం ఊరందరికీ నేసినా ఇద్దరి ఇళ్లలోనూ జంపఖానా లేదు, ఇదే మొదటిది.

మరునాడు ఫ్రాన్సిస్ రాలేదు. ఆ మరునాడూ రాలేదు. వెంకట్రాజం పోయి పిలిస్తే, మంచం మీద గోడ వైపు తిరిగి పడుకుని, "ఓంప్రకాశ్‌కు చెప్పిన అన్నా, రేపటి సంది వస్తడు," అన్నాడు. వెంకట్రాజం బతిమాలాడు, కసిరాడు, నీ పీడ వదిలిందిలే అని కూడా అన్నాడు. ఫ్రాన్సిస్ ఇటు తిరగలేదు. ఫ్రాన్సిస్ భార్య ప్రమీల చాయ్ తెచ్చేలోపు వెంకట్రాజం చెప్పులు తొడుక్కుని వెళ్లిపోయాడు.

ఓంప్రకాశ్ చిన్నప్పుడే తన తండ్రి పక్కన కూర్చుని జంపఖానా నేర్చినవాడు. కూర్చోగానే అతని పంజా టంగుమని మోగింది. వెంకట్రాజం ఒళ్లు పులకరించింది. ఇదీ దెబ్బంటే! తనూ పళ్లు బిగబట్టి కొట్టాడు. భుజం పీకింది. అయినా కొట్టాడు. నాలుగు వేళ్ల నేత అయ్యాక ఓంప్రకాశ్ అడ్డంగా ఒక పోగు పట్టి చూశాడు.

"పెద్దబాపూ, నీ దిక్కు ముందుకు పోతాంది."

వెంకట్రాజం నమ్మలేదు. తనే పోగు పట్టి చూశాడు. ముందుకు పోతున్న సగం తనదే. వేసిన పేకను విప్పి మళ్లీ కొట్టాడు. మళ్లీ ముందుకు పోయింది. బలం చాలక కాదు, మణికట్టు దానంతటదే ఆగిపోతోంది. పోగును తాకే ముందు బిగుసుకుంటోంది. ఇన్నేళ్లూ ఆగమని తనే నేర్పాడు, ఇప్పుడు కొట్టమంటే వినడం లేదు. సొంత చెయ్యే మాట వినకపోతే ఎవరికి చెప్పుకుంటాడు? మూడు రోజులు ఇదే గోల. విప్పడం, కొట్టడం, మళ్లీ విప్పడం.

నాలుగో రోజు చాయ్ తాగి కూర్చున్నాక సర్దుకుంది. పోగు పట్టి చూస్తే రెండు సగాలూ సమానం. వెంకట్రాజం పొంగిపోయాడు. చెయ్యి తిరిగొచ్చిందని, సాయంత్రం ఫ్రాన్సిస్‌కు చెప్పాలని, వాడికి సుభాషిణితో చెప్పి రంగులద్దే పనైనా ఇప్పించాలని ఏవేవో అనుకున్నాడు. పసుపు నూలు అందుకోవడానికి తన పంజా పక్కన పెట్టాడు. అప్పుడు ఓంప్రకాశ్ పంజా ఒక్కటే వినిపించింది.

టంగుమనడం లేదు. ఎత్తుగా లేస్తోంది, దిగుతోంది, పోగును తాకబోయే ముందు ఒక్క క్షణం ఆగి, మెత్తగా పడుతోంది.

ఆ చప్పుడు వెంకట్రాజానికి కొత్త కాదు. కొన్నేళ్లుగా తను చేస్తున్నదే. పక్కనుంచి వినడం మాత్రం ఇదే మొదలు. తల తిప్పకుండానే, కళ్లతో చూడకుండానే స్పష్టంగా వినిపిస్తోంది. ఇంత దగ్గర కూర్చున్నవాడికి వినిపించకుండా ఎట్లా ఉంటుంది?

"ఓంప్రకాశూ, చాలు బిడ్డా. బంద్ చెయ్," అన్నాడు.

"ఏమైంది పెద్దబాపూ? సమానమే ఉన్నది కదనే."

"సమానమే ఉన్నది. నువ్వు వేరే జోడీని సూసుకో."

వేరే జోడీ ఎక్కడుంది? కొత్తవాడలో జంపఖానా చెయ్యి తెలిసినవాళ్లలో కొందరు వాచ్‌మన్లయ్యారు, కొందరు మట్టిలో కలిశారు. ఓంప్రకాశ్ తల వంచుకుని పంజాను పలక మీద పెట్టాడు.

సాయంత్రం ఫ్రాన్సిస్ తన ఇంట్లో ఆ ఎర్ర జంపఖానా మీదే, గోడకు దిండు వేసుకుని కూర్చున్నాడు. పడుకుంటే ఊపిరి ఆడడం లేదట. వెంకట్రాజం చెప్పులు విడిచి వచ్చి పక్కన కూర్చున్నాడు, మగ్గం మీద కూర్చునే వైపే.

"ఎట్లున్నదన్నా ఓంప్రకాశ్ చెయ్యి?"

"మంచి చెయ్యి."

"నీది?"

వెంకట్రాజం కాసేపు నేల మీది నెమలిని వేలితో నిమిరాడు. "నీకు ఎప్పటిసంది ఎర్కరా?" అని అడిగాడు.

ఫ్రాన్సిస్ ఊపిరి కూడదీసుకున్నాడు. "నువ్వు మెత్తగ కొట్టుడు షురువు జేసిన నాడే. చెవి పక్కనే కొడితివి, ఇనపడకుంటదా?"

"మరెందుకు చెప్పలే?"

"చెప్తె లేవాలె గద అన్నా. లేసి యాడికి పోవాలె?" దగ్గు వచ్చింది. ప్రమీల నీళ్లు పట్టుకొస్తే చేత్తో వద్దన్నాడు. "నేను ఎన్నాళ్లుంటలే, నేను పోయినంక అన్న మళ్ల గట్టిగ కొట్టుకుంటడు, ఏం ఫికర్ లేదు అనుకున్న. నీ చెయ్యి గూడ నా తోటే పోతాందని నాకు సోయి లేకపాయె."

వెంకట్రాజం ఏడ్చాడు. ప్రమీల చూస్తోందని కూడా అనుకోకుండా, భుజం మీది తువ్వాలతో మొహం కప్పుకుని ఏడ్చాడు. ఫ్రాన్సిస్ ఏడవలేదు, ఏడిస్తే దగ్గు వస్తుందని భయం.

సుభాషిణికి ఫోన్ చేసి చేతకాదని చెప్పారు. ఆమె నిజంగానే బాధపడింది, తర్వాత ఇంకో ఊరు చూసుకుంది. ఓంప్రకాశ్ భివండి రైలెక్కాడు. మగ్గాన్ని విప్పి కట్టెలుగా తీసుకుపోయారు. ఆ షెడ్డులో భానుచందర్ కుర్చీలు దొంతరలు దొంతరలుగా పైకప్పుకు తగిలాయి. మంచివాడే పాపం, వెంకట్రాజం అటు పోతే ఒక కుర్చీ లాగి తుడిచి, "కూసో కాకా," అనేవాడు. వెంకట్రాజం ఎప్పుడూ కూర్చోలేదు.

ఎండలు ముదిరినప్పుడు ఫ్రాన్సిస్ పోయాడు. వీధిలో షామియానా వేశారు. కుర్చీలు ఆ షెడ్డు నుంచే వచ్చాయి. చర్చి వాళ్లు, వాడకట్టు వాళ్లు, పద్మశాలీలు, అందరూ ఒకే ఎత్తున, ఎవరికీ అంచు లేకుండా కూర్చుని పాటలు పాడారు. ఫ్రాన్సిస్ ఉంటే చూసి నవ్వేవాడు.

వెంకట్రాజం మాత్రం ఇంట్లోకి పోయి, శవపెట్టె పక్కన పరిచిన ఎర్ర జంపఖానా మీద తన సగంలో కూర్చున్నాడు. "మోకాళ్లు నొప్పి పెడతయ్ బావా, కుర్చీ ఏయమంటవా?" అంది ప్రమీల. వద్దన్నాడు. వచ్చినవాళ్లు పెట్టెకు దండం పెట్టి పోతున్నారు. వెంకట్రాజానికి కుడి పక్కన, ఫ్రాన్సిస్ సగంలో, ఎవరూ కూర్చోలేదు.

పాస్టరు గారు ప్రార్థన ముగించారు. నలుగురు కుర్రాళ్లు పెట్టెను ఎత్తారు. వాళ్ల వెంట పోదామని వెంకట్రాజం కాళ్లు కూడదీసుకున్నాడు, తిమ్మిరెక్కి ఉన్నాయి. లేవడానికి, రోజూ సాయంత్రం చేసినట్టే, చూడకుండా కుడిచెయ్యి పక్కకు చాచాడు.