రాలిన సుద్ద

ఏడో తరగతిలో ఇంగ్లీషు పీరియడ్ వచ్చిందంటే పిల్లలు ముందు చీపురు ఎక్కడుందో చూసుకునేవారు. ఆ గది నల్లబల్ల అలాంటిది మరి. రాసింది తప్పయితే అక్షరాలు నిలవవు, పిండిలా జారి కింద పడతాయి. అందరికీ తెలిసిందే, బల్ల మార్చమని ఎవరూ అడగలేదు. దిద్దే పని తప్పిందని ఇంగ్లీషు టీచరమ్మ మటుకు లోలోపల మురిసింది.

ఇంగ్లీషులో కవలల్లాంటి మాటలుంటాయి కదా. ఎడారికీ, భోజనమయ్యాక తినే తీపికీ ఒక్క అక్షరం తేడా. వదులుగా ఉండటానికీ, పోగొట్టుకోవడానికీ ఒక్క సున్నా తేడా. టీచరమ్మ అలాంటి జంట చెప్పి, పిల్లల్ని పిలిచి రాయమనేది. ఎవరిది రాలితే వాళ్ళు నేల ఊడ్చి, గంట కొట్టేదాకా కిటికీ పక్కన నిలబడాలి. రాలిందంటే తప్పే. అది రాలేలోపు ఏం రాశారో చదివిన పాపాన ఎవరూ పోలేదు. టీచరమ్మ మాత్రం బల్ల ముట్టుకునేది కాదు. నేను రాస్తే మీకేం వస్తుంది అనేది. అది పైకి చెప్పే మాట, లోపల ఆవిడకూ ఆ బల్లంటే బెరుకే.

కిటికీ పక్కన రోజూ నిలబడేది గువ్వ. నోట్లో నాలుక లేని పిల్ల అని క్లాసంతా అలా పిలిచేవారు. పరీక్ష కాగితం మీద దాని జవాబులన్నీ ఒప్పే, బల్ల దగ్గరకొస్తే అన్నీ రాలిపోయేవి. ఇంకేముంది, చూసి రాస్తోందని టీచరమ్మ తేల్చేసింది. అందరి ముందూ దొంగ అనేసింది. పిల్ల ఏడవలేదు, చీపురు అందుకుంది. ఈ పిల్లని మళ్ళీ ఏడులోనే కూర్చోబెట్టాలని టీచరమ్మ ప్రిన్సిపల్ గారికి చెప్పింది. ఒకసారి నా కళ్ళతో చూస్తానమ్మా అని ఆయన వచ్చి వెనక బెంచీలో కూర్చున్నాడు.

ఆ రోజు జంటలో ఒకటి బడి పెద్ద, ఇంకొకటి నియమం. పలకడానికి రెండూ ప్రిన్సిపలే. గువ్వ రాసింది, రాలిపోయింది.

"చూశారా సార్," అంది టీచరమ్మ.

"సరేనమ్మా, ఒప్పు ఎలా ఉంటుందో మీరు రాయండి," అన్నాడాయన తాపీగా.

కాదంటే బాగుండదు. ఆ జంట ఆవిడకు కంఠతా వచ్చు, పొద్దున నిఘంటువు కూడా చూసుకుని వచ్చింది. కానీ వీపు మీద అన్ని కళ్ళు. ఒక్కో అక్షరం సరిచూసుకుంటూ రాసింది. సుద్దముక్క ఎత్తగానే రెండు మాటలూ జారి ఆవిడ చెప్పుల మీద పడ్డాయి.

ఎవరూ నవ్వలేదు. నవ్వినా బాగుండేది. ఆవిడకు తల కొట్టేసినట్టయింది. పరువు పోయిందని కాదు. తెలిసి రాసిందే రాలింది, అంటే ఈ బల్ల రాల్చేది తప్పుని కాదు, భయాన్ని. మరి ఇన్నాళ్ళూ తను నిలబెట్టిన పిల్లలో? దొంగ అన్న మాటో? గువ్వ వైపు చూడలేకపోయింది.

గువ్వ అలవాటుగా వచ్చి చీపురు పట్టుకుంది. టీచరమ్మ రెండో కొస పట్టుకుని వదల్లేదు.

"ఇది నాది. నువ్వు కూర్చో తల్లీ," అంది. తర్వాత వెనక్కి తిరిగి, "ఈ పిల్ల చూసి రాయలేదు సార్. అందరి ముందూ నేనే దొంగని చేశాను. తప్పు నాది," అంది.

ఊడ్చి, వెళ్ళి కిటికీ పక్కన నిలబడింది. అక్కడ పిల్ల భుజం ఆనీ ఆనీ గోడకి సున్నం అరిగిపోయి ఉంది. ఆవిడకు మోచేతి దగ్గరికొచ్చింది ఆ మచ్చ. సిగ్గుతో ఒళ్ళు చచ్చిపోయింది.

ఎవరూ పిలవకుండానే గువ్వ లేచి సుద్దముక్క తీసుకుంది. రెండు మాటలూ రాసింది. అందరూ నేల వైపు చూశారు. ఏమీ రాలలేదు. ప్రిన్సిపల్ గారు లేచొచ్చి రెండూ చదివి, వచ్చే ఏడాది పై క్లాసులో కూర్చో అమ్మా అన్నాడు.

చదివి దిద్దాల్సిన టీచరమ్మకు మటుకు నీళ్ళు నిండి కళ్ళు కనిపిస్తేగా.