తాబేలు మీద జీవితకాల నిషేధం

కళ్ళజోళ్ళ దుకాణం నడిపే ఆ పెద్దమనిషికి ఊళ్ళో అందరి చూపూ తెలుసు. ఎవరికి దగ్గరిది ఆనదో, ఎవరికి దూరంది ఆనదో మనిషి నడకని బట్టి చెప్పేస్తాడు. ఆయన చూపుని మాత్రం ఎవరూ పరీక్షించలేదు. ఒక ఆదివారం పొద్దున ఆ పరీక్షా జరిగిపోయింది.

ఇంటర్నెట్ ఇంకా ఇళ్ళలోకి రాని రోజుల్లో, ఆయన ముందుగదిలో కంప్యూటరుకీ, మోడెముకీ, ఇంటి టెలిఫోనుకీ ముడిపెట్టి బులెటిన్ బోర్డొకటి తెరిచాడు. కంప్యూటరున్నవాళ్ళు తమ ఇళ్ళనుంచి ఆ నంబరుకి డయల్ చేస్తే, మోడెం తోక తొక్కిన పిల్లిలా అరిచి లోపలికి రానిచ్చేది. వచ్చినవాళ్ళు ఏదో రాసిపెట్టి పోతే, తరవాత వచ్చినవాళ్ళు చదివి జవాబు రాసేవారు. లైను ఒక్కటే, అందుకని ఒకసారికి ఒక్కరే. సభ్యులు పన్నెండుమంది. అందులో పదకొండుమంది రాసేది ఒకటే: 'ఎవరైనా ఉన్నారా?' "నేను బోర్డని పెట్టాను, వాళ్ళు బోరని చదువుకున్నారు" అని తరవాత్తరవాత ఆయనే చెప్పుకునేవాడు.

పన్నెండో సభ్యుడు 'తాబేలు'. బోర్డుల్లో అందరివీ మారుపేర్లే. కళ్ళజోళ్ళాయన ఏం రాసినా తాబేలు చురక అంటించేవాడు. రోజూ మిట్టమధ్యాహ్నం, ఈయన దుకాణంలో ఉన్నప్పుడు రాసిపెట్టేవాడు. సాయంత్రం ఈయన చెప్పులైనా విప్పకుండా చదివి, రెండేసి గంటలు జవాబు కొట్టేవాడు. ఒకాయన కుడికంటి అద్దం ఎడమకంటికి బిగించింది కూడా తాబేలుకి ఏమని జవాబివ్వాలా అని ఆలోచిస్తూనే.

రెండేళ్ళు గడిచాక తాబేలు ఇలా రాశాడు: 'ఊరందరితో ఇంత మాట్లాడతారు కదా, ఇంట్లో రోజుకెన్ని మాటలు మాట్లాడతారు?'

ఈయనకి ఒళ్ళు మండింది. తాబేలుకి జీవితకాల నిషేధం విధించాడు. మూడు నెలల్లో బోర్డు మూతపడింది. మామూలుగా బోర్డు తిప్పేసినవాణ్ణి జనం వెతుక్కుంటూ వస్తారు. ఈయన కోసం ఒక్కరూ రాలేదు.

ఇరవై తొమ్మిదేళ్ళు గడిచాయి. జీవితకాలం అనే మాటని చేతివేళ్ళ మీద లెక్కపెట్టుకునే వయసు వచ్చింది. తనతో అంత శ్రద్ధగా పోట్లాడిన మనిషిని అన్యాయంగా వెలివేశానని ఆయనకి మనసులో ముల్లు. ఆ తాబేలు బతికుండగానే క్షమాపణ చెప్పుకోవాలని నాలుగు పేజీలు రాసి పెట్టుకున్నాడు. ఇక కావలసింది మనిషి ఆచూకీ. అది పాత కంప్యూటర్లో ఉంది. కంప్యూటరు అటక మీద ఉంది. దాన్ని దింపి బాగుచెయ్యడానికి, రేడియోలూ టీవీలూ బాగుచేసే బావమరిదిని పిలిచాడు.

"జనం మాటవరసకి అటకెక్కించాం అంటారు. నువ్వు నిజంగానే ఎక్కించావు బావా" అంటూ బావమరిది దుమ్ము ఊది, తీగ మార్చి, మీట నొక్కాడు. తెర మీద ఆకుపచ్చ అక్షరాలు వచ్చాయి. సభ్యుల వివరాల్లో తాబేలు దొరికాడు. ఫోను నంబరూ ఉంది.

"ఇది మీ పాత నంబరే కదా."

"యంత్రం పొరపాటున మనదే వేసుకున్నట్టుంది" అన్నాడు కళ్ళజోళ్ళాయన.

"మరి వేగం వరసలో ఇదేంటి? అందరికీ రెండువేల నాలుగొందలు. తాబేలుకి అన్నీ సున్నాలే."

"అది మోడెం తప్పు. తాబేలు కదా, వేగం సున్నా అని అప్పట్లో నవ్వుకున్నాను కూడా."

"ఎన్నాళ్ళు నవ్వుకున్నావు?"

"రెండేళ్ళు."

బావమరిది స్క్రూడ్రైవరు కింద పెట్టాడు. "బావా, సున్నా అంటే ఫోన్లోంచి రాలేదని. ఈ కీబోర్డు మీదే కొట్టారు. తాబేలు కూర్చున్నది ఈ కుర్చీలోనే."

"పగలు ఇంట్లో ఎవరూ ఉండేవారు కాదే."

"మా అక్క ఉండేది."

వెనకగదిలో కుట్టుమిషను ఆగింది. భార్య మెడలో టేపు వేసుకునే వచ్చి గుమ్మంలో నిలబడి, తెర వైపు చూసింది.

"దొరికిందా మీ మిత్రుడి అడ్రసు?"

ఆయనకి అడగాల్సినవి వందున్నాయి. నోటికి ముందొచ్చింది మాత్రం, "నీకు టైపెక్కడ వచ్చు?"

"పెళ్ళికి ముందే పాసయ్యాను. పెళ్ళిచూపుల్లో అడిగింది మీరే."

"బాగుందక్కా, నువ్వు చెప్పిందీ ఈయన విన్నదీ" అన్నాడు బావమరిది.

"మరి నాతోనే అనొచ్చుగా ఆ మాటలన్నీ" అన్నాడు కళ్ళజోళ్ళాయన.

"ఎప్పుడని? వచ్చీ రాగానే దీని ముందు కూర్చునేవారు. నేను పలకరిస్తే ఊఁ అనేవారు. ఇందులో ఎవరు ఏం రాసినా గంటలకొద్దీ జవాబిచ్చేవారు. జవాబులు అక్కడ ఇస్తున్నారు కదా అని ప్రశ్నలు అక్కడే పెట్టాను."

ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. అది శుభ్రంగానే ఉంది.

"నిషేధం వేసినప్పుడైనా చెప్పాల్సింది."

"చెప్తే ఎత్తేసేవారు. అది పడ్డాకే కదా, పోట్లాడ్డానికి ఇంకెవరూ లేక వంటింట్లోకి వచ్చారు. పంచదార డబ్బా పైఅరలో ఎందుకు పెట్టావని మొదటిరోజే అరగంట వాదించారు. నాకు బాగుండింది."

ఆయన కీబోర్డు దగ్గరికి జరిగాడు. రెండు మీటలు నొక్కితే నిషేధం పోతుంది. ఆమె చెయ్యి పట్టుకుంది.

"ఎత్తకండి. మళ్ళీ ఈ గదిలోకి వచ్చేస్తారు."

"మరి నా క్షమాపణ?"

"కాగితాల మీదుందిగా. చదవండి, వింటాను."

ఆయన గొంతు సవరించుకున్నాడు. "ప్రియమైన మిత్రమా, ఆ రోజు మీరన్న మాటలో కొంత నిజం ఉండవచ్చు..."

"కొంతేంటి?"

"రాతలో అదొక మర్యాద."

"ఉండవచ్చేంటి?"

బావమరిది సామాను సర్దుకుని, కంప్యూటరు ఆపనా అని రెండుసార్లు అడిగాడు. ఎవరూ వినిపించుకోకపోతే తానే ఆపేసి, చెప్పులు వేసుకున్నాడు. అప్పటికి 'కొంత' కొట్టేశారు. 'ఉండవచ్చు' దగ్గర బేరం తెగడం లేదు.

"ఇంతకీ క్షమించినట్టేనా?" అన్నాడాయన.

"ముందు రెండో వాక్యానికి రండి. దాన్లోనూ ఏదో ఒకటి ఉండే ఉంటుంది."

ఉంది.